చూడ్డానికి ఒకేలా ఉండే ఇంగ్లీషు మాటలు: జంటలుగా బట్టీ పట్టాలా, విడివిడిగా నేర్చుకోవాలా?

చిక్కడపల్లి_చదువరి
అందరికీ నమస్కారం. నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి, రాష్ట్ర ఉద్యోగాల గ్రూప్-1కి కలిపి ప్రిపేర్ అవుతున్నాను. ఇంటర్ వరకు తెలుగు మీడియం. పగలంతా సిటీ సెంట్రల్ లైబ్రరీలోనే ఉంటాను. గ్రామర్ ఫర్వాలేదు, ప్యాసేజీలు కూడా నెట్టుకొస్తున్నాను. ఒకేలా కనిపించే మాటల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది. అఫెక్ట్, ఎఫెక్ట్. ప్రిన్సిపల్‌కి రెండు స్పెల్లింగులు. స్టేషనరీకి రెండు. అడ్వైస్, అడ్వైజ్. కోచింగ్‌లో ఇలాంటి జంటలతో పెద్ద పీడీఎఫ్ ఇచ్చారు. రాత్రి చదివితే అన్నీ వచ్చేసినట్టు ఉంటుంది. పొద్దున మాక్ టెస్టులో రెండు ఆప్షన్లూ కరెక్టే అనిపిస్తాయి. సీజీఎల్ మొదటి దశలో ఇంగ్లీషుకి 25 ప్రశ్నలు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ అర్హత పేపరే అయినా, అది దాటకపోతే మిగతావి ఎంత బాగా రాసినా లాభం లేదు. బట్టీ కాకుండా వేరే దారి ఉంటే చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

నల్లకుంట_మాస్టారు
బాబూ, ఇబ్బంది ఆ పీడీఎఫ్ అమర్చిన తీరులోనే ఉంది. దగ్గరి పోలికలున్న రెండు కొత్త మాటలను పక్కపక్కన పెట్టి ఒకే పూట నేర్చుకుంటే రెండూ మనసులో కలిసిపోతాయి. అర్థాలు రెండూ గుర్తుంటాయి, ఏ అర్థం ఏ మాటదో గుర్తుండదు. నీకు జరుగుతున్నది సరిగ్గా ఇదే. భాష నేర్పేవాళ్లకు ఇది బాగా తెలిసిన సంగతి. ఒక మాట ముందు గట్టిగా స్థిరపడాలి. అది చేతికి అలవాటయ్యాక, కొన్ని వారాలు ఆగి రెండోదాన్ని ముట్టుకోవాలి.

ప్రిన్సిపల్‌నే తీసుకో. చివర ‘పి-ఏ-ఎల్’ ఉన్నది ముందు నేర్చుకో. దానికి ప్రధానం అని ఒక్కటే అర్థం పెట్టుకో. కాలేజీ ప్రిన్సిపాల్ ఇదే, ముఖ్య కారణం అనడానికి వాడేదీ ఇదే. నెలరోజులు ఆ ఒక్క స్పెల్లింగే రాయి. రెండోదాని పేరే ఎత్తకు.

బ్యాంకు_కౌంటర్
మాస్టారూ, మా దగ్గర కూడా ఇదే. హోమ్ లోన్ స్టేట్‌మెంట్‌లో ఈఎంఐని రెండుగా విడగొట్టి చూపిస్తాం కదా, అసలు ఎంత, వడ్డీ ఎంత అని. ఆ అసలుకి వాడే మాట ‘పి-ఏ-ఎల్’ ప్రిన్సిపలే. లోను మొదటి సంవత్సరాల్లో కట్టే కిస్తీలో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది, ప్రిన్సిపల్ మెల్లగా తగ్గుతుంది. చదువరి తమ్ముడూ, మీ ఇంట్లో ఎవరికైనా లోను ఉంటే ఆ కాగితం ఒకసారి అడిగి చూడు. డబ్బుతో ముడిపడిన మాట మర్చిపోవడం కష్టం.

రెండో ప్రిన్సిపల్ అంటే సూత్రం, నియమం. అది చివర ‘ఎల్-ఈ’తో ముగుస్తుంది. రూల్ అనే మాట కూడా ‘ఎల్-ఈ’తోనే ముగుస్తుంది. నియమం అన్న అర్థం వస్తే రూల్‌ని తలుచుకుంటే చాలు.

బీమా కాగితాల్లో ఇంకొకటి కనిపిస్తుంది. అష్యూర్, ఇన్ష్యూర్, ఎన్ష్యూర్. మనిషికి ధైర్యం చెప్పి మాటివ్వడం అష్యూర్. బీమా చేయించడం ఇన్ష్యూర్. పని జరిగేలా చూడటం ఎన్ష్యూర్. జీవిత బీమా బాండు మీద మాత్రం పాత అలవాటు ప్రకారం ‘సమ్ అష్యూర్డ్’ అనే ఉంటుంది. అది తప్పు కాదు.

సరూర్‌నగర్_అమ్మ
నా ప్రశ్న కూడా ఇందులోనే అడుగుతాను. మా పాప ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. లూజ్ అని డిక్టేషన్ చెబితే ఒక ‘ఓ’ రాయాలా రెండు ‘ఓ’లు రాయాలా అని నన్నే అడుగుతోంది. ఒకటి వదులుగా ఉండటం, ఒకటి పోగొట్టుకోవడం. నాకూ రెండూ ఒకేలా వినిపిస్తాయి. పలకడంలో తేడా ఉందా అసలు?

నల్లకుంట_మాస్టారు
ఉందమ్మా, చాలా స్పష్టమైన తేడా ఉంది. మన తెలుగు చెవికి అది అందదు, ఎందుకంటే ఆ రెండో ధ్వని మన వర్ణమాలలో లేదు. కొంచెం వివరంగా రాస్తాను. ఇది అర్థమైతే పీడీఎఫ్‌లో చాలా జంటలు వాటంతటవే విడిపోతాయి.

వదులుగా ఉండటానికి రెండు ‘ఓ’లు. దాన్ని ‘లూస్’ అని పలకాలి, చివర మన ‘స’ ధ్వని. పోగొట్టుకోవడానికి ఒక్క ‘ఓ’. దాని చివర ఇంగ్లీషు జెడ్ ధ్వని. ఆ జెడ్‌కి మనకు అక్షరం లేక ‘జ’తో రాస్తాం. పైగా తెలుగులో ‘లూజ్ షర్ట్’, ‘లూజ్ మోషన్స్’ అని అలవాటు చేసుకున్నాం. అంటే వదులు అనే అర్థానికి పోగొట్టుకోవడం అనే మాట ధ్వనిని తగిలించాం. పాప తికమక పడటంలో వింత లేదు.

జెడ్ ఎలా పలకాలంటే, గొంతు మీద రెండు వేళ్లు పెట్టుకుని ‘స్‌స్‌స్’ అని లాగండి. గొంతు కదలదు. నాలుకను అక్కడే ఉంచి గొంతు మోగించండి. వేళ్లకు అదురు తెలుస్తుంది. అదే జెడ్. మన హైదరాబాదులో అయితే ఇంకా సులువు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పక్కింటివాళ్లు ‘జిందగీ’, ‘బజార్’ అన్నప్పుడు చెవి పెట్టండి. వాళ్ల నోట పలికేది ఆ ధ్వనే.

ఇప్పుడు అసలు విషయం. ఇంగ్లీషులో నామవాచకం చివర ‘స్’, క్రియ చివర జెడ్ వచ్చే జతలు చాలా ఉన్నాయి. సలహా అడ్వైస్, సలహా ఇవ్వడం అడ్వైజ్. పరికరం డివైస్, ఉపాయం పన్నడం డివైజ్. ఇల్లు హౌస్, ఇంట్లో చోటివ్వడం హౌజ్. ఉపయోగం యూస్, ఉపయోగించడం యూజ్. ఇక్కడ స్పెల్లింగ్ కూడా మారదు. మనం ‘దానివల్ల యూజ్ లేదు’, ‘మంచి అడ్వైజ్ ఇచ్చాడు’ అని నామవాచకానికి క్రియ ధ్వని వాడేస్తాం. ‘క్లోజ్ ఫ్రెండ్’ కూడా అంతే, దగ్గర అనే అర్థంలో అది ‘క్లోస్’.

ఇదే వరసలో బ్రెత్, బ్రీద్, ప్రూఫ్, ప్రూవ్, బిలీఫ్, బిలీవ్. నామవాచకం చివర గాలి ధ్వని, క్రియ చివర గొంతు మోగే ధ్వని. హౌస్, బ్రెత్ లాంటి వాటికి కారణం పాత ఇంగ్లీషులో ఉంది. అప్పుడు క్రియ చివర ఇంకో అచ్చు పలికేవారు. రెండు అచ్చుల మధ్య పడిన హల్లు మెత్తబడింది. తర్వాత ఆ అచ్చు రాలిపోయినా మెత్తదనం ఉండిపోయింది. తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఈ మార్పు కొత్త కాదు. వాడు, కొట్టె కలిస్తే వాడుగొట్టె అవుతుంది, ‘క’ పోయి ‘గ’ వస్తుంది. మన లెక్కలో ‘స’ పరుషం కాదు, ఊష్మం. అయినా గట్టిది మెత్తనిది కావడం అనే తీరు ఒకటే.

హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైన సంస్థే ఇప్పుడు తార్నాక దగ్గరున్న ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. నేను ధ్వని పాఠాలు నేర్చుకున్నది అక్కడే. స్పెల్లింగ్ కన్నా ముందు చెవిని సరిచేయాలని అక్కడి అధ్యాపకులు పట్టుబట్టేవారు. అది సరైన మాటని నా నమ్మకం.

సరూర్‌నగర్_అమ్మ
గొంతు మీద వేళ్లు పెట్టి ఇద్దరం చేశాం మాస్టారూ. పాపకు వెంటనే తెలిసింది. ప్రైస్, ప్రైజ్ కూడా తనే విడదీసి చెప్పింది, ఒకటి ధర, ఒకటి బహుమతి అని. చాలా ధన్యవాదాలు.

గ్రూప్స్_లక్ష్యం
ఇదంతా బాగుంది సార్, కానీ పరీక్ష హాల్లో గొంతు మీద వేళ్లు పెట్టుకోలేం కదా. ట్రిక్కులు చాలని నా అభిప్రాయం. చదువరి అన్నా, ‘సి’, ‘ఎస్’ జంటలకు ఒక ట్రిక్ ఉంది. మంచుగడ్డ ఐస్ నామవాచకం, అందులో ‘ఐ-సి-ఈ’. ‘ఈజ్’ క్రియ, అందులో ‘ఐ-ఎస్’. కాబట్టి ‘సి’ ఉంటే నామవాచకం, ‘ఎస్’ ఉంటే క్రియ. అడ్వైస్, డివైస్, లైసెన్స్, ప్రాక్టీస్, నాలుగింటికీ ఇదొక్కటే సరిపోతుంది. లైసెన్స్‌కీ ప్రాక్టీస్‌కీ పలకడంలో తేడా లేదు కాబట్టి అక్కడ చెవి పనికిరాదు, ట్రిక్కే కావాలి.

మాదాపూర్_ఎడిటర్
ట్రిక్ మంచిదే, నేనూ కొత్తగా చేరినవాళ్లకు అదే చెబుతాను. ఒక్క జాగ్రత్త. లైసెన్స్, ప్రాక్టీస్ విషయంలో అది బ్రిటిష్ పద్ధతికే వర్తిస్తుంది. అమెరికాలో లైసెన్స్ నామవాచకమైనా క్రియైనా ‘ఎస్’తోనే రాస్తారు, ప్రాక్టీస్ రెండింటికీ ‘సి’తోనే. అడ్వైస్, డివైస్‌లలో మాత్రం రెండు దేశాల్లోనూ నామవాచకానికి ‘సి’, క్రియకు ‘ఎస్’. మన చట్టాలూ పరీక్షలూ బ్రిటిష్ దారిలోనే ఉన్నాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో డ్రైవింగ్ లైసెన్స్‌కి ‘సి’ ఉంటుంది. ఫోన్ కీబోర్డు అమెరికన్ ఇంగ్లీషులో ఉంటే దాన్నే తప్పంటుంది. ప్రిపరేషన్‌లో ఉన్నవాళ్లు ముందు ఆ సెట్టింగ్ మార్చుకోండి.

నేను మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ డాక్యుమెంట్లు దిద్దే పని చేస్తాను. ఈ మాటల్లో ఉన్న ప్రమాదం ఏమిటంటే రెండు స్పెల్లింగులూ నిఘంటువులో ఉన్నవే. కాబట్టి మామూలు స్పెల్ చెక్ ఎర్రగీత పెట్టదు. రాసినవాడి కన్నే పట్టుకోవాలి.

అఫెక్ట్, ఎఫెక్ట్ గురించి నా మాట. తెలుగులో మనం ‘వర్షాల ఎఫెక్ట్’ అంటాం, ‘పంట ఎఫెక్ట్ అయ్యింది’ అని కూడా అంటాం. రెండు పనులకూ ఒకే మాట వాడేశాం. ఇంగ్లీషులో మొదటిదానికి ఎఫెక్ట్, రెండోదానికి అఫెక్ట్ రావాలి. నామవాచకం, క్రియ అని గుర్తుపెట్టుకోవడం కన్నా పక్క మాట చూడటం మేలు. ఎఫెక్ట్ తర్వాత ‘ఆన్’ వస్తుంది, మన ‘మీద’ లాగా. అఫెక్ట్ తర్వాత ‘ఆన్’ రాదు, నేరుగా కర్మ వస్తుంది. తెలుగు నుంచి ఆలోచించేవాళ్లు అఫెక్ట్‌కి కూడా ‘ఆన్’ తగిలిస్తారు. నేను దిద్దే కాగితాల్లో తరచూ కొట్టేసేది అదే.

ప్రభుత్వ ఉత్తర్వుల్లో ‘విత్ ఎఫెక్ట్ ఫ్రమ్’ అని చూస్తుంటాం, ఫలానా తేదీ నుంచి అమల్లోకి అని. అది నామవాచకమే. అరుదుగా ఎఫెక్ట్ క్రియగా కూడా వస్తుంది, ఒక మార్పును సాధించడం అనే అర్థంలో. పైస్థాయి పరీక్షలో దాన్ని వలగా వేసే అవకాశం ఉంది.

ఐసీయూ_డ్యూటీ
నేను స్టాఫ్ నర్సుని. మా రంగంలో ఈ తికమక మార్కులతో పోయేది కాదు కాబట్టి రాస్తున్నాను.

హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. బీపీ తక్కువైతే హైపోటెన్షన్, ఎక్కువైతే హైపర్‌టెన్షన్. షిఫ్టు మారేటప్పుడు ఫోన్‌లోనో మాస్కు వెనక నుంచో చెబితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. అందుకే మేం మాటతో ఆపం, అంకె కూడా చెబుతాం. ఇలియం రెండున్నాయి, పలకడం అచ్చంగా ఒకటే. మధ్యలో ‘ఐ’ ఉంటే తుంటి ఎముక, ‘ఈ’ ఉంటే చిన్న ప్రేగు చివరి భాగం. తినడానికి ఇంగ్లీషు మాట ‘ఈ’తో మొదలవుతుంది, ప్రేగుదీ ‘ఈ’ అని మాకు కాలేజీలో చెప్పారు.

మందుల పేర్లలో ఇంకా కష్టం. డోపమిన్, డోబుటమిన్ రెండూ ఐసీయూలో వాడేవే, పనులు వేరు. ఇలాంటి పేర్లకు ‘టాల్ మ్యాన్’ రాత అని ఒక పద్ధతి ఉంది. రెండు పేర్లలో తేడా ఉన్న భాగాన్ని మాత్రం పెద్ద అక్షరాల్లో ముద్రిస్తారు, కలిసే భాగాన్ని చిన్న అక్షరాల్లో వదిలేస్తారు. డోపమిన్‌లో మొదటి మూడు అక్షరాలు, డోబుటమిన్‌లో మొదటి అయిదు అక్షరాలు పెద్దవిగా ఉంటాయి. కన్ను ముందు తేడా మీదే పడుతుంది.

చదువరి తమ్ముడూ, నువ్వు కూడా కార్డుల మీద ఇలాగే రాయి. స్టేషనరీ మొత్తం చిన్న అక్షరాల్లో, తేడా వచ్చే ఒక్క అక్షరం పెద్దదిగా. ఒక కార్డు మీద ఒకే మాట.

చిక్కడపల్లి_చదువరి
అక్కా, ఇది నాకు బాగా నచ్చింది. ఇందాకే కొన్ని కార్డులు రాశాను. డిస్క్రీట్ రాస్తున్నప్పుడు ఒకటి కనిపించింది. విడివిడిగా ఉండేదానికి రెండు ‘ఈ’ల మధ్య ‘టి’ అడ్డంగా ఉంటుంది, గుట్టుగా ఉండేదానికి రెండు ‘ఈ’లు పక్కపక్కనే ఉంటాయి. విడిగా అనే అర్థం ఉన్న మాటలోనే ‘ఈ’లు విడిపోయాయి. బీటెక్ ఫ్రెండ్‌ని అడిగితే వాళ్ల డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అదేనన్నాడు.

స్టేషనరీకి మాత్రం నాకేమీ తట్టలేదు. కాగితాలకీ, కదలకుండా ఉండటానికీ ఏం సంబంధం?

కోఠీ_పుస్తకాలు
సంబంధం ఉంది అన్నా. యూరప్‌లో పాతకాలంలో వర్తకులు ఎక్కువమంది ఊరూరా తిరిగి అమ్మేవారు. పుస్తకాలు అమ్మేవాళ్లు మాత్రం విశ్వవిద్యాలయాల దగ్గర ఒకచోట స్థిరంగా దుకాణం పెట్టుకునేవారు. స్థిరంగా ఉండేవాడు కాబట్టి లాటిన్‌లో ఆ అర్థం వచ్చే మాటతో పిలిచారు, అది ఇంగ్లీషులో స్టేషనర్ అయింది. లండన్ స్టేషనర్ల సంఘానికి 1557లోనే రాచరికపు అనుమతి పత్రం దొరికింది. స్టేషనర్ అమ్మే సరుకు స్టేషనరీ. స్టేషనర్ చివర ‘ఈ-ఆర్’ ఉంది, అందుకే సరుకు పేరులోనూ ‘ఈ-ఆర్’. పేపర్ చివర కూడా ‘ఈ-ఆర్’ ఉంది చూడండి. కదలకుండా నిలబడిన బండికి ‘ఏ-ఆర్’.

మా నాన్న కోఠీలో పాత పుస్తకాలు అమ్మేవారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచేవారు. అక్కడ ఇప్పటికీ పాత ఇంగ్లీషు నిఘంటువులు తక్కువ ధరకు దొరుకుతాయి. మాట పుట్టుక కూడా ఇచ్చే నిఘంటువు ఒకటి కొనుక్కోండి, ఇలాంటివి ఎవరినీ అడగక్కర్లేదు.

హైకోర్టు_జూనియర్
మాదాపూర్ ఎడిటర్ గారు ఎఫెక్ట్ గురించి అన్నదాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తాను. తెలుగు పత్రికల్లో చదివే అలవాటున్నవాళ్లకు కొన్ని ఇంగ్లీషు మాటలు ముందు తెలుగు లిపిలోనే పరిచయమవుతాయి. అక్కడే రెండూ ఒకటైపోతాయి.

కౌన్సిల్ చూడండి. ‘సి-ఐ-ఎల్’తో ముగిస్తే మండలి. శాసనమండలి, ఉన్నత విద్యామండలి, వీటన్నిటికీ ఇదే. ‘ఎస్-ఈ-ఎల్’తో ముగిస్తే సలహా, లేదా కోర్టులో మన తరఫున వాదించే న్యాయవాది. ఎంసెట్ పేరు 2024లో తెలంగాణలో ఈఏపీసెట్‌గా మారింది, సీట్ల కోసం జరిగే తంతు మాత్రం కౌన్సెలింగే. అది ‘ఎస్’ ఉన్న మాట. మున్సిపాలిటీలో గెలిచిన కౌన్సిలర్‌కి ‘సి’, పిల్లలతో మాట్లాడే కౌన్సెలర్‌కి ‘ఎస్’. వార్తల్లో రెండూ కౌన్సిలరే.

ఆర్డినెన్స్ ఇంకా చిత్రమైనది. శాసనసభ సమావేశంలో లేనప్పుడు రాజ్యాంగం 213వ అధికరణం కింద గవర్నర్ జారీ చేసేది ఆర్డినెన్స్. కేంద్రంలో 123వ అధికరణం కింద రాష్ట్రపతి జారీ చేస్తారు. సభ మళ్లీ కూడిన ఆరు వారాలకు అది ముగిసిపోతుంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో ఉన్న ఫ్యాక్టరీ పేరు మాత్రం ఆర్డ్‌నెన్స్, మధ్యలో ‘ఐ’ లేదు. అర్థం ఆయుధ సామగ్రి. రెండూ ఒకే పాత ఫ్రెంచి మాట నుంచి చీలినవి, ఏర్పాటు చేయడం, ఆదేశించడం అని ఆ మాటకు అర్థం. పాలిటీ చదివే గ్రూప్స్ అభ్యర్థులు జవాబు ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ ‘ఐ’ వదిలేస్తే గవర్నర్ ఫిరంగులు జారీ చేసినట్టవుతుంది.

గ్రూప్స్_లక్ష్యం
పాలిటీ నోట్సులో ఈ రెండోది ఎవరూ చెప్పలేదు సార్. రాసుకున్నాను. ట్రిక్కులు చాలు అన్నాను గానీ, మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ట్రిక్ అక్కర్లేకుండానే గుర్తుంటోంది.

నల్లకుంట_మాస్టారు
జూనియర్ గారు చెప్పింది చాలా విలువైన విషయం. తెలుగులోనూ ఇలాంటివి తక్కువేం లేవు. అర్థం, అర్ధం. ప్రదానం, ప్రధానం. కృతజ్ఞత, కృతఘ్నత, ఒక్క అక్షరం మారితే మేలు తలచుకునేవాడు మేలు మరిచేవాడవుతాడు. సన్మాన పత్రాల్లో ‘అవార్డు ప్రధానం’ అని అచ్చవడం చూస్తూనే ఉన్నాం. ఇవి సరిగ్గా రాసేవాళ్లు ఎలా నేర్చుకున్నారు? ‘కృతజ్ఞతలు తెలుపుకోవడం’, ‘బహుమతి ప్రదానం’ అని పక్క మాటతో కలిపి పదేపదే చదివి నేర్చుకున్నారు. ఇంగ్లీషుకీ అదే పాటించు బాబూ. కార్డు మీద మాట ఒక్కటే కాకుండా దాని తోడు మాట కూడా రాయి. కాంప్లిమెంట్‌కి కూడా రెండు స్పెల్లింగులున్నాయి కదా, మధ్యలో ‘ఐ’నా ‘ఈ’నా అని వెతుక్కునే కన్నా, ‘కాంప్లిమెంటరీ బ్రేక్‌ఫాస్ట్’ అని రాసుకుంటే హోటల్లో ఉచితంగా ఇచ్చే మర్యాద గుర్తొస్తుంది, అందులో ‘ఐ’. లోటును పూరించే కాంప్లిమెంట్‌లో ‘ఈ’, కంప్లీట్‌లో ఉన్నట్టే.

చిక్కడపల్లి_చదువరి
సార్, అక్కా, అన్నలూ, అందరికీ థ్యాంక్స్. పీడీఎఫ్‌ని కత్తిరించి రెండు కట్టలు చేశాను. ప్రతి జంటలో ఒక మాట ఈ నెల కట్టలో, రెండోది వచ్చే నెల కట్టలో. తోడు మాట పక్కనే రాస్తున్నాను. ఆల్టర్నేట్, ఆల్టర్నేటివ్ మాత్రం ఏది ముందు తీసుకోవాలో తేలలేదు.

మాదాపూర్_ఎడిటర్
ఆల్టర్నేట్ ముందు తీసుకోండి. ‘ఆల్టర్నేట్ డేస్’ అని నల్లా నీళ్ల గురించి రోజూ వింటుంటారు, రోజు విడిచి రోజు అని. అది ఇప్పటికే మీకు స్థిరపడిన మాట. ఇంకో దారి, ఇంకో ఎంపిక అనడానికి ఆల్టర్నేటివ్. అమెరికాలో దీనికి కూడా ఆల్టర్నేట్ వాడతారు, మన పరీక్షలో వాడకండి.

కూకట్‌పల్లి_డిగ్రీ
ఆలస్యంగా చూశాను. నేను ఎన్‌సీసీలో ఉన్నాను. క్యాడెట్ తర్వాత వచ్చే మాటను మా బ్యాచ్‌లో కొందరు కార్ప్స్ అంటున్నారు, సార్ కోర్ అంటారు. శవానికి కూడా దాదాపు అదే స్పెల్లింగ్ కదా?

నల్లకుంట_మాస్టారు
మీ సార్ పలికేదే సరైనది. నేషనల్ క్యాడెట్ కోర్. ఫ్రెంచి నుంచి వచ్చింది కాబట్టి చివరి ‘పి’, ‘ఎస్’ రెండూ పలకవు. శవం అనే మాటకు చివర ‘ఈ’ అదనంగా ఉంటుంది, అందులో ‘పి’, ‘ఎస్’ రెండూ పలుకుతాయి, కార్ప్స్ అని. రెండింటికీ మూలం శరీరం అనే అర్థమున్న లాటిన్ మాట. ఒక దళం అంతా ఒకే శరీరం అన్న భావనతో కోర్ వచ్చింది. బహువచనంలో కూడా స్పెల్లింగ్ మారదు, పలకడం మాత్రం కోర్జ్ అవుతుంది, చివర మళ్లీ ఆ జెడ్డే.